జీడిపప్పు పడని పిల్లాడికి రోజూ చిటికెడు పెడితే అలవాటవుతుందా?

కాశీబుగ్గ_అమ్మాయి
మా బాబుకి నాలుగేళ్లు. మొన్న పెళ్లి భోజనంలో కుర్మా తిన్నాడు. పావుగంట కాలేదు, పెదాలు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆ వెనకే దగ్గు మొదలై గొంతు బొంగురుపోయింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాం. ఏదో ఇంజెక్షన్ వేసి సాయంత్రం దాకా ఉంచుకుని పంపించేశారు, చీటీలో ఎలర్జీ అని ఒక్క ముక్క రాసి సిరప్ ఇచ్చారు, అంతే. వంటవాళ్లని అడిగితే కుర్మా చిక్కగా రావడానికి జీడిపప్పు ముద్ద వేశామన్నారు.

పలాస గడ్డమీద పుట్టి జీడిపప్పు పడకపోవడం ఏటని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. మా అత్తగారు ఏళ్లుగా జీడి కార్ఖానాలో పప్పు మీద పొట్టు తీసే పనికి వెళ్తున్నారు. ఇప్పుడు మా ఆడపడుచు వాట్సాప్‌లో ఏదో వార్త పంపింది. లండన్‌లో పరిశోధన చేశారట, చిన్నప్పటి నుంచీ పెడుతూ ఉంటే ఎలర్జీ రాదట, అందుకని రోజూ చిటికెడు పొడి పాలల్లో కలిపి పట్టమంటోంది. మా ఆయన కూడా చూద్దాంలే అంటున్నారు. నాకు గుండె దడగా ఉంది. ఇది చాలదన్నట్టు అత్తగారికి కీళ్లవాతం (మందులు వాడుతున్నారు), "మనవడికీ నాయనమ్మకీ ఇద్దరికీ ఇమ్యూనిటీ తక్కువే" అని ఒకాయన ఇమ్యూనిటీ పెంచే పొడి డబ్బా అంటగట్టి పోయాడు. ఈ రెండు జబ్బులకీ నిజంగా సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉద్దానం_కొబ్బరి
పలాసలో జీడిపప్పు పడదంటే భీమిలిలో చేప పడదన్నట్టే ఉంది తల్లీ. నవ్వులకేం గానీ ఆ పొడి మాత్రం పెట్టకు.

రాజాం_మెడికల్స్
పెట్టొద్దు. పెట్టొద్దు. పెట్టొద్దు. గొంతు బొంగురుపోయింది అన్నారు చూడండి, అక్కడే విషయం వేరు. ఒట్టి దద్దుర్లు అయితే ఒక రకం, గొంతు, ఊపిరి దాకా వచ్చిందంటే అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ. ఆసుపత్రిలో వేసిన ఇంజెక్షన్ ఏంటో కనుక్కోండి, అడ్రినలిన్ వేశారా లేక అవిల్ (ఎలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) వేసి ఊరుకున్నారా. చాలాచోట్ల ఈ రెండోదే జరుగుతుంది.

నాగావళి_ఒడ్డు
మీ ఆడపడుచు పంపిన వార్త అబద్ధం కాదు, కానీ అది మీ బాబు సంగతి కాదు. నేను ఇమ్యునాలజీలో పరిశోధన విద్యార్థిని, సొంతూరు శ్రీకాకుళం, కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి.

ఆ పరిశోధన పేరు లీప్. లండన్‌లో గిడియన్ లాక్ అనే పిల్లల ఎలర్జీ డాక్టరు చేయించారు, ఫలితాలు 2015లో వచ్చాయి. ఆయనకి అనుమానం ఎక్కడ మొదలైందంటే, లండన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల కన్నా పది రెట్లు ఎక్కువ కనిపించింది. జాతి ఒకటే, తేడా ఏంటా అని చూస్తే ఇజ్రాయెల్‌లో పాకే వయసు నుంచే వేరుశనగతో చేసిన బాంబా అనే చిరుతిండి తినిపిస్తారు. లండన్‌లో డాక్టర్లు చెప్పారని దాచిపెట్టేవారు. అమెరికాలో కూడా 2000లో ఎలర్జీ ముప్పున్న పిల్లలకి మూడేళ్లు వచ్చేదాకా వేరుశనగ పెట్టొద్దనే సలహా ఇచ్చి 2008లో వెనక్కి తీసుకున్నారు. సరే, లాక్ గారి బృందం 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది పసివాళ్లని తీసుకుంది. అందరికీ తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రగా పగిలే దురద జబ్బు) గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్నాయి. సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి అసలు ముట్టనివ్వలేదు. అయిదేళ్లు వచ్చేసరికి తినని గుంపులో 17.2 శాతానికి ఎలర్జీ వచ్చింది, తిన్న గుంపులో 3.2 శాతానికే.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, వాళ్లలో దాదాపు ఎవరికీ అప్పటికి వేరుశనగ ఎలర్జీ వచ్చి లేదు. ముందే చర్మ పరీక్ష చేశారు, గట్టిగా పాజిటివ్ వచ్చినవాళ్లని తీసుకోనేలేదు. అది రాకుండా ఆపే పద్ధతి. మీ బాబుకి వచ్చేసింది. వచ్చినవాడికి చిటికెడు పొడి పెట్టడమంటే మొన్నటి పెళ్లిభోజనాన్ని ఇంట్లో మళ్లీ వడ్డించడమే.

చీపురుపల్లి_చిన్నోడు
చివరి వాక్యం ప్రింటు తీసి ఆడపడుచు గారికి పంపండి 😄

కాశీబుగ్గ_అమ్మాయి
పంపేశాను, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. @నాగావళి_ఒడ్డు, బాబుకి పసితనంలో మోచేతుల మడతల్లో, బుగ్గల మీద ఎర్రగా పగిలి నీరు కారేది. ఎగ్జిమా అన్నారు. అప్పుడే జీడిపప్పు పెట్టి ఉంటే వచ్చేది కాదా?

నాగావళి_ఒడ్డు
ఒక్క పిల్లాడి గురించి అలా చెప్పలేం. దాని గురించి బాధపడకండి, మీకు ఎవరూ అప్పుడు ఆ సంగతి చెప్పలేదు కదా.

ఎగ్జిమా ఉందన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకుంటున్న లెక్క ఇది: ఆహారం ముందుగా నోటిద్వారా పేగుల్లోకి వెళ్తే శరీరం దాన్ని తిండిగా గుర్తుపట్టి ఊరుకుంటుంది. అదే పదార్థం పగిలిన చర్మం గుండా ముందు లోపలికి పోతే శత్రువుగా రాసి పెట్టుకుంటుంది. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఒకటుంది, దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఎగ్జిమా ఎక్కువని 2006లో స్కాట్లాండ్‌లోని డండీలో తేల్చారు. తర్వాత ఇళ్లలో దుమ్ము ఊడ్చి అందులో వేరుశనగ ప్రోటీన్ ఎంతుందో కూడా కొలిచారు. దుమ్ములో ఎక్కువ ఉండి, పిల్లాడికి చర్మం పాడై ఉంటే ఎలర్జీ అవకాశం పెరిగింది.

బొబ్బిలి_వీణ
అంటే అత్తగారు కార్ఖానా నుంచి చీర మీద జీడిపొట్టు దుమ్ముతో వచ్చి మనవణ్ని ఎత్తుకోవడం వల్ల వచ్చిందంటారా? కోడళ్లందరూ ఈ పోస్టు దాచుకుంటారు జాగ్రత్త.

నాగావళి_ఒడ్డు
అలా నేను అనలేదండీ బాబూ! పలాస ఇళ్లలో దుమ్ము ఎవరూ కొలిచినట్టు నేను చూడలేదు. అత్తాకోడళ్ల మధ్య నన్ను ఇరికించకండి. కాకపోతే పసిపిల్లల ఎగ్జిమాని "అదే పోతుందిలే" అని వదలకూడదు, అంతవరకే.

టెక్కలి_మాస్టారు
నాకొకటి అర్థం కాదు. మా చిన్నతనంలో జీడితోటల్లోనే పెరిగాం, పచ్చి జీడిపిక్కలు కాల్చుకుని తిన్నాం, మట్టిలో దొర్లాం, చెరువు నీళ్లు తాగాం. ఎలర్జీ అనే మాటే వినలేదు. ఇప్పుడు పిల్లాడికి మట్టి అంటితే శానిటైజర్ పూస్తున్నారు. అసలు రోగం అక్కడుంది.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, మీ చిన్నతనంలో అనాఫిలాక్సిస్‌తో పిల్లాడు పోతే గాలి సోకింది అనేవారు, అందుకే మాట వినపడలేదు. చెరువు నీళ్లు తాగి విరేచనాలతో పోయినవాళ్లు ఈ ఫోరంలో పోస్టు పెట్టలేరు కదా.

టెక్కలి_మాస్టారు
మాటకి మాట బాగానే ఉంది గానీ నేను చెప్పిందాంట్లో నిజం లేదంటారా?

నాగావళి_ఒడ్డు
ఇద్దరి దగ్గరా సగం సగం ఉంది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే ఆయన 17 వేల పైచిలుకు బ్రిటిష్ పిల్లల వివరాలు చూసి, ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువున్నవాళ్లకి హే ఫీవర్ (పుప్పొడి పడక వచ్చే తుమ్ములు, జలుబు), ఎగ్జిమా తక్కువని రాశారు. మాస్టారి వాదన అక్కడి నుంచే పుట్టింది. 2016లో అమెరికాలో అమిష్, హట్టరైట్ అనే రెండు రైతు తెగలని పోల్చారు. మూలాలు దగ్గరివే, తిండీ దాదాపు అదే. అమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతం, హట్టరైట్లలో 21 శాతం. తేడా ఏంటంటే అమిష్ వాళ్లు గుర్రాలతో దున్నుతారు, పశువుల సాల ఇంటికి ఆనుకునే ఉంటుంది. హట్టరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద డెయిరీలు, ఇళ్లకి దూరంగా ఉంటాయి. అమిష్ ఇళ్లలో దుమ్ము ఎలుకల ముక్కులో వేస్తే వాటికీ ఉబ్బసం తగ్గింది.

ఆటో ఇమ్యూన్, అంటే శరీర రక్షణ కణాలు సొంత ఒంటినే కొట్టే జబ్బుల సంగతికొస్తే ఫిన్లాండ్, దాని సరిహద్దు అవతల రష్యా కరేలియా. జన్యువులు చాలావరకు కలుస్తాయి, అయినా పిల్లల్లో టైప్ 1 షుగర్ ఫిన్లాండ్ వైపు దాదాపు ఆరు రెట్లు. అందుకని మట్టి, పశువులు, తోబుట్టువులు, ఇవి ఏదో మేలు చేస్తున్నాయనుకోవచ్చు. కలరా నీళ్లు కాదు. చేతులు కడుక్కోవడం మానమని ఏ పరిశోధనా చెప్పలేదు.

చీపురుపల్లి_చిన్నోడు
మా నాన్న ఆవుని అమ్మేశాక నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఇదిగో సైంటిఫిక్ ప్రూఫ్. నాన్నా చదువుతున్నావా?

ఉద్దానం_కొబ్బరి
ఆవుని అమ్మిన డబ్బులతో ఏసీ కొన్నారు కదా, ముందు దాని ఫిల్టర్ కడుగు.

గజపతినగరం_రైతు
నాకు వేరే బాధ. పొలం గట్ల మీద వయ్యారిభామ పీకినప్పటి నుంచి మెడ, కనురెప్పలు, మోచేతుల మడతలు నల్లబడి మందంగా అయిపోయి దురద. ఎండలోకి వెళ్తే మంట. వానాకాలం అయ్యాక మరీ ఎక్కువ. సిట్రిజిన్ వేసుకుంటే నిద్ర వస్తుంది తప్ప దురద తగ్గట్లేదు. ఇదీ ఆ అబ్బాయి ఎలర్జీ లాంటిదేనా?

పిల్లల_డాక్టర్_విజీనగరం
ఇప్పుడే ఓపీ ముగించుకుని చూస్తున్నాను. రైతు గారికి ముందు: కాదు, అది వేరే రకం. బాబుకి వచ్చింది నిమిషాల్లో వచ్చేది, ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల. మీది టి కణాలు అనే రక్షణ కణాల వల్ల, ఒకటి రెండు రోజులు తీసుకుని నెమ్మదిగా రగులుతుంది, అందుకే సిట్రిజిన్ పనిచేయదు. వయ్యారిభామ పొడి గాలిలో ఎగిరి రెప్పల మీద, మెడ మీద పడుతుంది. చర్మ డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేయించుకోండి. ముదిరితే అజాథయోప్రిన్ లాంటివి వాడతారు, రక్త పరీక్షలు చేస్తూ. షాపులో దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు సొంతంగా రాసుకోవద్దు, రెప్పల మీద అసలు వద్దు. ఇంకెవరితోనైనా పీకించండి, లేదా పూత రాకముందే చేతులకి, ముఖానికి గుడ్డ కట్టుకుని పీకండి.

పలాసకీ ఇదే వర్తిస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడి తోలు లేచిపోవడం చూసే ఉంటారు, బూడిదో నూనో రాసుకుంటూ పని చేస్తారు. అది పెంకులో నూనె చేసే పని. మామిడి సొన మూతికి తగిలితే పొక్కడం, చాకళ్లు గుడ్డలకి గుర్తు పెట్టే నల్లజీడితో దద్దురు రావడం, అన్నీ ఒకే చెట్ల కుటుంబం, ఒకే తరహా రసాయనాలు. దానికీ పప్పులో ఉండే ప్రోటీన్ ఎలర్జీకీ సంబంధం లేదు. చేతులు పొక్కే ఆవిడ పప్పు హాయిగా తినొచ్చు. బాబు మామిడిపండు తినొచ్చు, ఇప్పటిదాకా ఇబ్బంది రాకపోతే. పిస్తా మాత్రం ఆపండి, జీడిపప్పు పడనివాళ్లలో ఎక్కువమందికి పిస్తా కూడా పడదు.

ఇక అమ్మాయి గారికి. రాజాం ఆయన చెప్పినట్టు మీరు రాసింది అనాఫిలాక్సిస్ లాగానే ఉంది. సిరప్ దద్దుర్లు తగ్గిస్తుంది, ఊపిరి ఆగకుండా కాపాడదు. కాపాడేది అడ్రినలిన్ ఒక్కటే, తొడ బయటి వైపు కండలోకి, ఆలస్యం లేకుండా. విదేశాల్లో పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ జేబులో పెట్టుకు తిరుగుతారు, మన ఊరి షాపుల్లో అది దొరకదు. యాంపుల్ (మందు ఉన్న చిన్న గాజు సీసా) దొరుకుతుంది, చవక. బరువుని బట్టి ఎంత లాగాలో ఎలర్జీ చూసే డాక్టరు దగ్గరే నేర్చుకోండి, నేను డోసు ఇక్కడ రాయను. వేశాక కూడా 108 పిలవాలి, పిల్లాణ్ని పడుకోబెట్టే ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టొచ్చు, లేపి నడిపించకూడదు. తగ్గిపోయినట్టు ఉండి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు, అందుకే ఆసుపత్రిలో ఉంచుతారు.

కాశీబుగ్గ_అమ్మాయి
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఏ పరీక్ష చేయించాలి?

కొత్తవలస_కుమారి
పరీక్ష అనగానే ఒక్క మాట. నాకు ఒంటిమీద దద్దుర్లు వస్తుంటే ఒక ల్యాబ్ వాళ్లు రెండొందల పైన ఆహారాల ప్యానెల్ అని వేలకి వేలు గుంజారు. రంగు రంగుల రిపోర్టు ఇచ్చారు. వంకాయ, కందిపప్పు, గోధుమ, పాలు, రొయ్య, ఆవాలు, పసుపు కూడా ఎర్ర గీతలో ఉన్నాయి. పసుపు! నెలల తరబడి చారు నీళ్లు, అన్నం తిని బతికాను, బరువు తగ్గిపోయి బ్లౌజులన్నీ కుట్లు వేయించుకున్నాను, దద్దుర్లు మాత్రం రోజూ సాయంత్రానికి ఠంచనుగా హాజరు. చివరికి విశాఖలో ఒక డాక్టరు రిపోర్టు పక్కన పడేసి, ఇది తిండి వల్ల కాదు, క్రానిక్ ఆర్టికేరియా (వదలకుండా వచ్చే దద్దుర్లు), చాలావరకు ఆటో ఇమ్యూన్ అన్నారు. నా శరీరం నా మీదే కోపంగా ఉందట. పప్పు కూర మళ్లీ తిన్నరోజు ఏడ్చేశాను.

పిల్లల_డాక్టర్_విజీనగరం
కుమారి గారిది రోజూ చూసే కథ. ఆ రెండొందల రకాల ప్యానెళ్లు చాలావరకు ఐజీజీ అనే వేరే యాంటీబాడీని కొలుస్తాయి, అది మీరు ఆ పదార్థం తిన్నారని చెప్తుంది తప్ప పడదని కాదు. ఐజీఈ పరీక్ష కూడా ఏం తిన్నాక ఏమైందనే కథ లేకుండా చేయిస్తే తప్పుదోవ పట్టిస్తుంది. కర్ణాటకలో పిల్లల మీద చేసిన పెద్ద సర్వేలో రక్తంలో ఐజీఈ పాజిటివ్ వచ్చినవాళ్లు చాలామంది, నిజంగా తిండి ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం 0.14 శాతమే. అమ్మాయి గారూ, మీకు జీడిపప్పు చర్మ పరీక్ష గానీ, జీడిపప్పుకి ఐజీఈ గానీ, వీలైతే ఆనా ఓ 3 అనే ప్రోటీన్‌కి ఐజీఈ. ఇంతే. ఇప్పటిదాకా హాయిగా తింటున్న పల్లీలు, నువ్వులు ఆపొద్దు, ఆపితే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే.

సిరిమాను_1757
ఇంతకీ జీవితాంతం భయపడుతూ బతకాల్సిందేనా? మన దగ్గర ఏ పెళ్లికెళ్లినా పాయసం, కుర్మా, స్వీటు, పులావు అన్నిట్లో జీడిపప్పే. కొత్త మందులేవో వచ్చాయంటున్నారు కదా.

నాగావళి_ఒడ్డు
రెండు దారులున్నాయి. ఒకటి, ఆడపడుచు గారు చెప్పిన చిటికెడే, కానీ ఆసుపత్రిలో మిల్లీగ్రాములు తూచి నెలల తరబడి పెంచుకుంటూ పోయేది. ఓరల్ ఇమ్యునోథెరపీ అంటారు. ఇజ్రాయెల్‌లో జీడిపప్పుతోనే చేశారు, 2022లో వచ్చిన లెక్క ప్రకారం 50 మందిలో 44 మంది గుప్పెడు పప్పుకి తట్టుకునే స్థాయికి చేరారు. మధ్యలో రియాక్షన్లు వస్తాయి, అడ్రినలిన్ చేతిలో పెట్టుకునే చేస్తారు. ఆపేస్తే చాలామందిలో మళ్లీ మొదటికి రావచ్చు.

రెండోది ఒమాలిజుమాబ్. ఐజీఈని పట్టుకుని కట్టేసే ఇంజెక్షన్, ఉబ్బసానికి ఎప్పటి నుంచో ఉంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఏడాది దాటినవాళ్లకి తిండి ఎలర్జీకి కూడా అనుమతిచ్చారు. వేరుశనగలో బాగా పనిచేసింది, మందు తీసుకున్నవాళ్లలో 67 శాతం అనుకున్న మోతాదు తట్టుకున్నారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 7 శాతమే. జీడిపప్పుకి వచ్చేసరికి 41 శాతం, 3 శాతం. అంటే తేడా ఉంది, కానీ అందరికీ కాదు. రెండు లేదా నాలుగు వారాలకోసారి వేయించుకుంటూనే ఉండాలి. పొరపాటున ఒక ముక్క నోట్లోకి వెళ్తే ప్రాణం మీదికి రాకుండా ఉండటానికి అది, జీడిపప్పు పాకం తినడానికి కాదు.

రాజాం_మెడికల్స్
ధర కూడా చెప్పండి సార్. ఆ ఇంజెక్షన్ ఒక్కొక్కటి వేలల్లో ఉంటుంది. పలాసలో పొట్టు తీసే ఆవిడ కూలితో అయ్యే పని కాదు. ప్రస్తుతానికి మనకి అందుబాటులో ఉన్న ఆధునిక వైద్యం ఏంటంటే వంటవాడి దగ్గరికెళ్లి "జీడిపప్పు వేశారా" అని అడగడం.

సిరిమాను_1757
వంటవాడు "లేదండీ" అంటాడు. వేసి కూడా.

కాశీబుగ్గ_అమ్మాయి
నిజం. ఇకపై బాబుకి పెళ్లిళ్లకి ఇంటి నుంచే డబ్బా. సరే, అత్తగారి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పొడి వాడొచ్చా? ఆవిడకి వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ ఫోలిక్ యాసిడ్ రాశారు. నొప్పి ఎక్కువైతే షాపులో బిళ్లలు తెచ్చుకుంటారు.

రాజాం_మెడికల్స్
ఇమ్యూనిటీ తక్కువై కీళ్లవాతం రాలేదమ్మా, ఎదురు తిరిగి వచ్చింది. దాన్ని ఇంకా పెంచుతాననే డబ్బా ఎందుకు? పైగా అలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమై "అద్భుతం" అంటారు, కొన్నాళ్లకి ముఖం ఉబ్బి, షుగరొచ్చి, ఎముకలు గుల్లవుతాయి.

మెథోట్రెక్సేట్ గురించి పెద్దక్షరాలతో రాసుకోండి: వారానికి ఒక్కరోజే. ఆ రోజు పేరు డబ్బా మీద రాసి అంటించండి. రోజూ వేసేసుకుని నోరంతా పుళ్లుపడి, రక్త కణాలు పడిపోయి వచ్చినవాళ్లని చూశాను. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ రెండూ పసుపు పచ్చ బిళ్లలే ఉంటాయి కొన్ని కంపెనీల్లో, చదువు రానివాళ్లు కలిపేస్తారు.

ఉద్దానం_కొబ్బరి
షాపులో నొప్పి బిళ్లలు అన్నారే, అది ఆపించండి ముందు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇన్నేళ్లయినా ఖాయంగా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పనంటారు, పురుగుమందులంటారు. అది తేలేలోపు డైక్లోఫెనాక్ మింగి ఉన్న కిడ్నీని మనమే పాడుచేసుకోవడం ఏం తెలివి? మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లే ఇళ్లు నాకు తెలుసు.

పిల్లల_డాక్టర్_విజీనగరం
ఇది పూర్తిగా నిజం, ఇంకోటి కలుపుతాను. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. కిడ్నీ మందగిస్తే మామూలు మోతాదు కూడా విషమవుతుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చే ఎవరికైనా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా ఆ మందు కొనసాగించకూడదు. అత్తగారికి ఈ మధ్య చేశారో లేదో కనుక్కోండి.

టెక్కలి_మాస్టారు
ఇమ్యూనిటీ ఎక్కువైతే తప్పు, తక్కువైతే తప్పు. మరి సరైన మోతాదులో ఎవరు ఉంచుతారు?

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నకే 2025 వైద్య నోబెల్ ఇచ్చారు, నిజంగా. జపాన్‌కి చెందిన షిమోన్ సకగుచి, అమెరికాకి చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ముగ్గురికీ. సకగుచి 1995లో చూపించింది ఏంటంటే, రక్షణ కణాల్లోనే ఒక రకం ఉన్నాయి, వాటి పని పోట్లాడటం కాదు, పెళ్లిలో చొక్కాలు పట్టుకున్న కుర్రాళ్లని విడదీసి పక్కకి లాక్కెళ్లే పెద్దమనుషుల పని. రెగ్యులేటరీ టి కణాలు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. బ్రంకో, రామ్స్‌డెల్ ఇద్దరూ పుట్టుకతోనే చర్మం పొలుసులు కట్టి, అవయవాలన్నీ తన కణాల చేతే దెబ్బతిని వారాల్లో చనిపోయే ఒక జాతి ఎలుకని పట్టుకున్నారు. అందులో ఏ జన్యువు పాడైందో వెతికి వెతికి 2001లో దొరకబుచ్చుకున్నారు, దాని పేరు ఫాక్స్‌పి3. అదే జన్యువు పాడైన మగపిల్లల్లో ఐపెక్స్ అనే జబ్బు వస్తుంది: పసితనంలోనే టైప్ 1 షుగర్, ఎగ్జిమా, ఆగని విరేచనాలు, ఐజీఈ ఆకాశానికి, తిండి ఎలర్జీలు.

అమ్మాయి గారు మొదట అడిగారు కదా సంబంధం ఉందా అని. ఉంది, ఇక్కడ. ఆ పెద్దమనుషులు లేకపోతే ఒకే పిల్లాడికి ఎలర్జీ, ఆటో ఇమ్యూన్ రెండూ వస్తాయి. అయితే నాయనమ్మ కీళ్లవాతం మనవడికి జీడిపప్పు ఎలర్జీగా దిగిందని దీనర్థం కాదు, రెండు జబ్బుల దారులు వేరు.

ఇంకో తమాషా. నోబెల్ ప్రకటించినప్పుడు రామ్స్‌డెల్ ఫోన్ ఆఫ్ చేసి భార్యతో కొండల్లో తిరుగుతున్నాడు. సిగ్నల్ అందగానే ఆవిడ మెసేజీలు చూసి కేక పెడితే, ఎలుగుబంటి వచ్చిందనుకున్నాడట.

ఉద్దానం_కొబ్బరి
మా జీడితోటల్లో కేక వినపడితే మేమూ అదే అనుకుంటాం. తేడా ఏంటంటే మాకు ఎలుగుబంటే వస్తుంది.

చీపురుపల్లి_చిన్నోడు
😂😂 ఈ థ్రెడ్ మూసేయండి, ఇంతకన్నా పైకి వెళ్లదు.

నరసన్నపేట_నళిని
మూయకండి, నాకు చెప్పుకోవాల్సింది ఉంది. నాకు లూపస్, ఇదీ ఆటో ఇమ్యూన్ జబ్బే, పెళ్లికి ముందే బయటపడింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్లుగా వేసుకుంటున్నాను, ఏటా కంటి పరీక్ష. ఈ మధ్య బంధువులంతా "లూపస్‌కి పూర్తిగా నయమయ్యే మందు వచ్చేసింది, జర్మనీలో ఒక్క డోసుతో పోయింది" అని వీడియోలు పంపుతున్నారు. సంబరపడాలో వద్దో తెలియట్లేదు. నాగావళి గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మెత్తగా చెప్పకండి.

నాగావళి_ఒడ్డు
జర్మనీలో ఎర్లాంగెన్, గియోర్గ్ షెట్ బృందం. కార్ టి అంటారు. రోగి సొంత టి కణాలు తీసి, బయట జన్యువు మార్చి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలని వెతికి చంపేలా చేసి తిరిగి ఎక్కిస్తారు. రక్త క్యాన్సర్ కోసం పుట్టిన పద్ధతి. 2021లో ఇరవయ్యేళ్ల అమ్మాయికి లూపస్‌కి మొదటిసారి చేశారు, తగ్గింది. 2024 ఫిబ్రవరిలో 15 మంది ఫలితాలు ప్రచురించారు, ఎనిమిది మందికి లూపస్, మిగతావాళ్లకి కండరాల వాపు, సిస్టమిక్ స్క్లీరోసిస్ (చర్మం గట్టిపడే జబ్బు). లూపస్ వాళ్లందరూ మందులన్నీ ఆపేసి కూడా బాగున్నారు. ఇది మామూలు విషయం కాదు. కానీ 15 మందే, అన్ని మందులూ విఫలమైనవాళ్లే, ఎక్కించే ముందు కీమో ఇవ్వాలి. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా ఆసుపత్రి వాళ్లు కలిసి తయారుచేసిన కార్ టి కి 2023లో అనుమతి వచ్చింది, అది రక్త క్యాన్సర్‌కి. లక్షల్లో ఖర్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో అదుపులో ఉన్న మీలాంటివాళ్లకి ఇవాళ దాని అవసరం లేదు.

నరసన్నపేట_నళిని
ఇది చాలు. వీడియోలు పంపినవాళ్లకి ఇదే కాపీ పేస్టు.

బొబ్బిలి_వీణ
ఒక డౌటు. లూపస్, థైరాయిడ్, కీళ్లవాతం, కుమారి దద్దుర్లు, అన్నీ ఆడవాళ్లకే ఎందుకు? అత్తగార్ల వల్లేనా?

నాగావళి_ఒడ్డు
😀 ఆటో ఇమ్యూన్ రోగుల్లో అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లే. హార్మోన్ల మీద ఎప్పటి నుంచో అనుమానం ఉంది. 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇంకోటి చూపించారు. ఆడవాళ్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు కదా, అందులో ఒకదాన్ని మూసిపెట్టడానికి జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ దాన్ని చుట్టుకుంటుంది. దానికి బోలెడు ప్రోటీన్లు అంటుకుని ఉంటాయి, ఆ ముద్దనే శరీరం శత్రువనుకుంటోందేమో అని. మగ ఎలుకల్లో జిస్ట్ పెట్టి చూస్తే వాటిలో కూడా లూపస్ లాంటిది ముదిరింది. అత్తగార్లు నిర్దోషులు, ప్రస్తుతానికి.

టెక్కలి_మాస్టారు
మా అన్నగారి మనవరాలికి టైప్ 1 షుగర్. ఆ పిల్ల చెల్లెలికి కూడా వస్తుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. అలాంటిదానికి ఏమైనా ఉందా?

పిల్లల_డాక్టర్_విజీనగరం
తోబుట్టువుకి వచ్చే అవకాశం మామూలు పిల్లల కన్నా ఎక్కువే, కానీ నూటికి తొంభై మందికి పైగా రాదు. టెప్లిజుమాబ్ అని ఒక మందుకి 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. యాంటీబాడీలు కనిపించి, షుగర్ కొంచెం అటూఇటూ అవుతున్న దశలో ఇస్తే జబ్బు బయటపడటం సగటున రెండేళ్ల వరకు వెనక్కి పోతుంది. నయం కాదు, వాయిదా. ఎదిగే పిల్లలకి రెండేళ్లు తక్కువేమీ కాదు. మీ ఇంట్లో ఇప్పుడు చూసుకోవాల్సింది లక్షణాలు: అతిగా దాహం, రాత్రి పక్క తడపడం, బరువు తగ్గడం. కనిపిస్తే అదే రోజు గ్లూకోజ్ చూడండి, దిష్టి తీస్తూ కూర్చోవద్దు.

కొత్తవలస_కుమారి
విటమిన్ డి వేసుకుంటే ఇవన్నీ రావంట కదా? మా ఆఫీసులో అందరూ మింగుతున్నారు.

నాగావళి_ఒడ్డు
అమెరికాలో యాభై దాటిన దాదాపు 26 వేల మందికి రోజుకి 2000 యూనిట్లు అయిదేళ్లపాటు ఇస్తే ఆటో ఇమ్యూన్ జబ్బులు 22 శాతం తక్కువ వచ్చాయి, 2022లో ప్రచురించారు. 22 శాతం అంటే పెద్దగా వినిపిస్తుంది, అసలు వచ్చేవాళ్లే తక్కువ. మీకు ఇప్పటికే ఉన్న దద్దుర్లకి అది మందు కాదు. వారానికి 60 వేల యూనిట్ల బిళ్లలు ఏడాదంతా మింగడం మాత్రం వద్దు.

కాశీబుగ్గ_అమ్మాయి
వచ్చే వారం విశాఖలో ఎలర్జీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది. మా ఆయనే చేయించారు, థ్రెడ్ మొత్తం చదివి. అత్తగారికి క్రియాటినిన్ ఇవాళ ఇచ్చాం. ఒక్కటే అనుమానం మిగిలింది: అడ్రినలిన్ యాంపుల్ ఇంట్లో పెట్టుకోమంటే ఫ్రిజ్‌లో పెట్టాలా? మాకు కరెంటు పోతూ ఉంటుంది.

రాజాం_మెడికల్స్
ఫ్రిజ్ అక్కర్లేదు. వెలుతురు తగలకుండా దాని డబ్బాలోనే, ఎండ పడని చోట. బండి డిక్కీలో, వంటింట్లో పొయ్యి దగ్గర వద్దు. మందు నీళ్లలా తేటగా ఉండాలి, రంగు మారి గోధుమ రంగుకి వచ్చినా, నలకలు కనపడినా పారేయండి. ఎక్స్‌పైరీ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. యాంపుల్ పక్కనే సిరంజి, సూది, డాక్టరు రాసిచ్చిన మోతాదు కాగితం, మూడూ ఒకే డబ్బాలో ఉండాలి. బాబు బడికి వెళ్తుంటే అక్కడికి ఇంకో డబ్బా.

సిరిమాను_1757
బడిలో టీచర్ వేస్తుందా ఇంజెక్షన్?

టెక్కలి_మాస్టారు
ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను, మాకు ఎవరూ నేర్పలేదు. నేర్పితే వేస్తాం. ఎక్కడ నేర్పుతారో చెప్పండి, మా మండలం టీచర్లని నేనే పోగేస్తాను.

పిల్లల_డాక్టర్_విజీనగరం
మాస్టారూ, ఇన్‌బాక్స్ చూడండి.